చివరి మలుపులో సందు

మా మేనత్త పరుగు మానేస్తున్నానని చెప్పిన మర్నాటి నుంచే అందరూ ఆమెను ప్రేమించడం మొదలుపెట్టారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఇన్నాళ్ళూ ఆమె పేరెత్తితే ముఖం చిట్లించినవాళ్ళే వీళ్ళంతా. అథ్లెటిక్ సంఘంలో ఆమెకు పెట్టిన పేరు పితూరీలక్క. ఎనిమిది వందల మీటర్ల పరుగు ఆమె వృత్తి. పితూరీలు రాయడం ఆ వృత్తిలో సగం. అమ్మాయిల వసతిగృహంలో స్నానాల గదికి గడియ లేదని రాసింది. పెద్దమనిషి ఎవరో ఇంకా రాలేదని పరుగుకు సిద్ధమైన పిల్లల్ని నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టారని రాసింది. తనకు బూట్లిచ్చే కంపెనీ బూట్లు వానలో అడుగు ఊడిపోతున్నాయని ఆ కంపెనీ ప్రకటన ఉన్న చొక్కా వేసుకుని మరీ విలేఖర్లకు చెప్పింది. ఒక కోచ్ ఉద్యోగం పోయింది ఆమె ఉత్తరం వల్ల. ఇద్దరు సెలెక్టర్లు కుర్చీలు దిగారు. వాళ్ళలో ఒకాయన తన తోడల్లుడి కూతుర్ని జట్టులోకి ఎక్కించాడు. "కూతుర్ని తెచ్చారు సరే, మీ ఇంట్లో కుర్చీలూ మంచాలూ కూడా జట్టులోకి తెస్తారా?" అని పదిమందిలో అడిగింది.

ఆమె పితూరీకి ఒక పద్ధతి ఉండేది. తేదీ, చోటు, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఏం చెయ్యాలి. విశేషణాలు ఉండవు. చివర విధేయురాలు అని ఎప్పుడూ రాయలేదు. "జవాబు కోసం చూస్తాను" అని రాసేది. వాటిలో చాలా వరకు నేను పనిచేసే ప్రింటింగు షాపులో నేనే టైపు చేశాను.

ఇంట్లోనూ అంతే. మా మేడమీద గదిలో ఉండేది. కుళాయి కారితే మా నాన్నని నిలదీసేది, పక్కింటివాళ్ళు చెత్త మా గుమ్మం వైపు ఊడిస్తే చీపురు పట్టుకుని వెళ్ళి మళ్ళీ అటే ఊడ్చి వచ్చేది. పెళ్ళెందుకు చేసుకోలేదని మా అమ్మ ఎప్పుడైనా అంటే, "రెండు నిమిషాల్లో తేలిపోయే గొడవలే నాకు చేతనవును వదినా" అనేది. ఎనిమిది వందల మీటర్లకు పట్టేది ఆ రెండు నిమిషాలే. ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి మోకాలు ఒప్పుకోలేదు. మోకాలి మీద పితూరీ ఎవరికి రాయాలో తెలియక మానేసింది.

మా నాన్న ఆమెకు అన్న. ఊరి స్టేడియంలో గ్రౌండు మేస్త్రీ. దారి కడగడం, గీతలు వెయ్యడం, లోపలి అంచున పట్టీ బిగించడం ఆయన పని. ఆ పట్టీ గురించి ఇక్కడే చెప్పాలి. పరుగుదారి లోపలి అంచు పొడవునా రెండంగుళాల ఎత్తున తెల్ల రంగు వేసిన అల్యూమినియం పట్టీ ఉంటుంది. ముక్కలు ముక్కలుగా పెట్టి పానాతో స్క్రూలు బిగిస్తారు. లోపలికి తొక్కి దూరం తగ్గించుకోకుండా అదే కాపలా. అది లేని చోట పెట్టిన రికార్డు రికార్డు కాదు. పుట్టాక మాటలన్నీ చెల్లెలికి ఒదిలేసినట్టుంటాడు మా నాన్న. ఆ పట్టీ గురించి తప్ప దేని గురించీ రెండు వాక్యాలు మాట్లాడగా నేను వినలేదు.

మా అత్త పందొమ్మిదేళ్ళ వయసులో ఆ స్టేడియంలోనే పెట్టిన దేశ రికార్డు పదహారేళ్ళుగా అలాగే ఉంది. సెకనులో నూరింట రెండు వంతుల తేడాతో పాత రికార్డు కొట్టింది. కానీ జనం చెప్పుకునేది ఆ వంతుల్ని కాదు. చివరి మలుపులో ముందున్న అమ్మాయికీ పట్టీకీ మధ్య, పిల్లి కూడా పట్టని సందులోంచి దూరి ముందుకు వచ్చేసింది. మలుపులో ఎవరైనా బయటి వైపు నుంచే దాటుతారు. లోపలి నుంచి దాటాలంటే గుండె ఉండాలి అని పత్రికలన్నీ రాశాయి. మా ఇంట్లో పిల్లలకు అన్నం తినిపిస్తూ చెప్పే కథ అది. నేను తిన్న అన్నంలో సగం ఆ సందులోంచే లోపలికి వెళ్ళింది.

సన్మానం ఏర్పాట్లు సంఘం సెక్రటరీ తలకెత్తుకున్నాడు. పోయిన ఏడాదే ఆమె మీద కేసు వేస్తానని ఊగిపోయిన మనిషి. స్టేడియంలో ఒక గ్యాలరీకి ఆమె పేరు పెడతారట. ఇరవై పేజీల ప్రత్యేక సంచిక వేస్తారట. ఆ పని మా షాపుకే తెచ్చాడు.

"ఏమోయ్, మీ అత్త పుస్తకం నీ చేతుల మీదుగా రావడం, చూశావా, ఎంత బాగుందో!"

"బాగుందండీ. కేసు ఏమైందండీ?"

"ఇంటి ఆడపిల్ల మీద కోపం ఎన్నాళ్ళుంటుందయ్యా," అని నవ్వాడు. పైపళ్ళు మాత్రమే నవ్వాయి.

కవరులోంచి పాత ఫోటోలు తీశాడు. వాటిలో ఆ చివరి మలుపు ఫోటో ఉంది. పత్రికల్లో నడుము పైభాగమే చూశాం ఇన్నాళ్ళూ. ఇది అసలు ఫోటో, అరచెయ్యంత పెద్దది, ఎదురుగా నిలబడి తీసింది.

"ఇది పేజీ నిండా రావాలి," అన్నాడు. "కానీ కుడిపక్క కోసెయ్. మనిషి ఒక్కతే కనపడాలి."

"కుడిపక్క కోస్తే మలుపు పోతుందండీ."

"మలుపుకు సన్మానం చేస్తున్నామా ఏమిటి? చెప్పింది చెయ్యి."

కొయ్యమన్న మనిషి వెళ్ళాక కొయ్యబోయే ముక్కని చూడకుండా ఉండలేకపోయాను. ఇంత ప్రేమ ఒలకబోస్తున్నవాడు ఏదో దాస్తున్నాడని గట్టిగా నమ్మాను. ఫోటోను స్కాన్ చేసి తెర నిండా పెద్దది చేశాను. కుడిపక్కన గడ్డిలో కోటు వేసుకున్న ఎవరో పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన వెనక అంబులెన్సు. ఇటు మా అత్త ఎడమ పాదం నేల తాకుతోంది. పాదం కింద తెల్లటి పట్టీ ఉండాలి. లేదు. ఎర్రటి దారి అంచున వరసగా స్క్రూ రంధ్రాలున్నాయి. వెనక పది అడుగుల దూరంలో పట్టీ మళ్ళీ మొదలైంది. దాని కొస మీద ఎండ పడి మెరుస్తోంది.

ఆ పాదం రంధ్రాల వరసకు అవతల, లోపలి వైపు ఉంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా నాన్న వాకిట్లో కూర్చుని తుప్పు పట్టిన స్క్రూలను కిరసనాయిలు డబ్బాలో వేస్తున్నాడు. ప్రింటు తీసిన కాగితం ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు.

"బాగా వచ్చింది ఫోటో," అన్నాడు.

"నాన్నా, పట్టీ ఏది?"

చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. "ఇంకెవరు చూశారు?" అన్నాడు.

తప్పు లేనివాడు ముందుగా అడిగే ప్రశ్న కాదది.

"సెక్రటరీ చూశాడు. కోసెయ్యమన్నాడు. నువ్వు చెప్పు. ఎవరు తీశారు?"

"నేనే తీశాను. లాంగ్ జంప్ పిల్ల ఎవరిదో కాలు విరిగింది ఆ రోజు. అంబులెన్సు గడ్డిలోకి రావాలి. చివరి మలుపు దగ్గర గేటుంది కదా, అక్కడ పది ముక్కలు ఊడదీశాను. బండి లోపలికి వచ్చింది. బిగిద్దామని పానా తీసేసరికి మీ అత్త వాళ్ళని గీత దగ్గరికి పిలిచేశారు. అప్పటికే ఆలస్యమైందని పెద్దవాళ్ళు తొందర పడుతున్నారు."

"మరి ఆపమని చెప్పాలి కదా. కనీసం గుర్తుకి కోన్లైనా పెట్టాలి కదా."

"పెట్టాలి."

"మరి?"

"అది దాని మొదటి పెద్ద పరుగురా. మొదలెలా పెడుతుందో చూద్దామని ముందుకెళ్ళి నిలబడ్డాను. చూస్తూ ఉండిపోయాను. రెండో చుట్టు సగంలో నా చేతిలో ఉన్న పానా చూసుకున్నాను." ఇంకో స్క్రూ డబ్బాలో వేశాడు. "అందరూ దాన్ని ఎత్తుకుని అరుస్తుంటే పోయి బిగించేశాను. అయిదు నిమిషాలు పట్టలేదు."

"కావాలనే తీసి ఉంచావని అనుకుంటారు నాన్నా. చెల్లెలు పరిగెత్తుతోంది, అన్న పట్టీ తీశాడు. నేనైనా అలాగే అనుకుంటాను."

"అంత తెలివుంటే ఇక్కడ కూర్చుని స్క్రూలు నానబెట్టుకుంటానా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అత్తకి చెప్పకు. దాని నోరు సంగతి తెలుసుగా. నన్ను కాదురా, తనని తనే తినేస్తుంది," అన్నాడు.

నేను చెప్పాను. నాన్నని నమ్మక, అత్తని నమ్మక చెప్పాను. పదహారేళ్ళు అందరి దొంగతనాలూ పట్టుకున్న మనిషికి తన కాలి కింద ఏముందో తెలియకుండా ఉంటుందా? ఆమె ముఖం ఎలా మారుతుందో చూడాలనిపించింది.

మేడమీద మంచం నిండా బూట్లు పరిచి ఉన్నాయి. పిల్లలకు పంచడానికి సైజుల వారీగా సర్దుతోంది. కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. పితూరీ చదివినట్టే చదివింది ఫోటోని, పైనుంచి కింది దాకా, తొందరపడకుండా.

"ఎవరు తీశారు పట్టీ?"

చెప్పాను. అంబులెన్సూ, గేటూ, పానా, అంతా.

"అన్నయ్య ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదా?"

"నీకు తెలీదా అత్తా?"

"ఏమన్నావ్?"

"పాదం నీదే కదా. బూటు కింద పట్టీ ఉందో లేదో నీకు తెలీదా?"

కొడుతుందనుకున్నాను. బూట్ల మధ్య చోటు చేసుకుని కూర్చుంది.

"చివరి మలుపులో ఏం కనిపిస్తుందిరా? ముందున్నదాని వీపు కనిపిస్తుంది. దాని వీపు మీద చెమట మరక ఎంత పెరిగిందో కనిపిస్తుంది. ఆ రోజు దాని ఎడమ పక్కన సందు కనిపించింది. దూరాను. ఆ సందు ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగలేదు." మళ్ళీ తనే అంది: "అందర్నీ అన్నీ అడిగాను. అదొక్కటీ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు, నేను గెలిచాను కదా."

తెలుసని అనలేదు, తెలీదనీ అనలేదు. నేను ఇప్పటికీ ఆ జవాబు దగ్గరే ఆగిపోయి ఉన్నాను.

పదహారేళ్ళ కిందట ఆ పరుగులో రెండోదిగా వచ్చిన అమ్మాయి అక్కడికక్కడే పితూరీ పెట్టింది. తన ఎడమ పక్క మనిషి పట్టే చోటు లేదు, ఆమె లోపలికి తొక్కకుండా రావడం కుదరదు అని. రిఫరీ నడుచుకుంటూ మలుపు దగ్గరికి వెళ్ళాడు. అప్పటికి మా నాన్న పట్టీ బిగించేశాడు. రిఫరీ బూటు కొసతో దాన్ని తన్ని చూసి, "ఇది తొక్కి ఉంటే పళ్ళు రాలేవి, పో అమ్మా" అన్నాడు. పితూరీ కొట్టేశారు. బహుమతులిచ్చే దగ్గర మైకు మా అత్తకిచ్చారు. ఆమె అన్న మాట మర్నాడు పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చింది: "ఓడిపోయినవాళ్ళకి కళ్ళు కూడా సరిగా పనిచెయ్యవు." ఆ మాటతోనే ఆమె నోరున్న మనిషిగా ఊరికి తెలిసింది. ఆ రెండో అమ్మాయి మాత్రం ఏడుపుగొట్టుదని పేరు పడి, తర్వాత జట్టులోకి రాలేదు. రెండేళ్ళకి పరుగు మానేసింది.

"ఎక్కడుందో కనుక్కో," అంది అత్త.

"సన్మానం ఆదివారం అత్తా. ఆ తర్వాత..."

"కనుక్కోమన్నాను."

కష్టమేం కాలేదు. బస్టాండులో రిజర్వేషన్ కౌంటరులో పనిచేస్తోంది. మర్నాడు పదింటికి ఇద్దరం వెళ్ళాం. అత్త వరసలో నిలబడింది. ముందు ఎనిమిదిమంది. ఎవరో గుర్తుపట్టి ముందుకు వెళ్ళమంటే, "నాకేం కాలు విరిగిందా?" అని కసిరింది. ఆమె వంతు వచ్చింది. అద్దం వెనక కళ్ళజోడు పెట్టుకున్న మనిషి తలెత్తకుండా "ఎక్కడికి?" అంది.

"నేను," అంది అత్త.

ఆవిడ తలెత్తింది. అద్దానికున్న గుండ్రటి చిల్లులోంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"రిటైరైపోతున్నావట కదా. పేపర్లో చూశాను," అంది ఆవిడ. "కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి."

అత్త ఫోటో చిల్లు కిందనుంచి లోపలికి తోసింది. "ఎడమ పాదం చూడు."

ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూసింది. వెనకనించి ఒకాయన, "అమ్మా, నా బస్సు పోతుంది, ఫోటోలు తర్వాత చూసుకోండి" అన్నాడు. ఆవిడ ఆయన వైపు కూడా చూడలేదు.

"పట్టీ ఎవరు తీశారు?"

"మా అన్నయ్య."

"అబ్బో!" అంది ఆవిడ. ఆ ఒక్క మాటలో పదహారేళ్ళున్నాయి.

"అంబులెన్సు కోసం తీశాడు. నన్ను చూస్తూ బిగించడం మర్చిపోయాడు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మాను."

"ఆ సెలెక్టరుగారు కూడా తన తోడల్లుడి కూతురు బాగా పరిగెత్తుతుందనే చెప్పాడు. నమ్మావా మరి?" ఆవిడే మళ్ళీ అంది: "ఇప్పుడొచ్చి ఇది నాకెందుకు చూపిస్తున్నావ్? నాకు తెలిసిందే కదా. మా అమ్మ కూడా నమ్మలేదు నన్ను. పోనీలే ఓడిపోతే ఓడిపోయావు, అబద్ధాలెందుకంది. నువ్వు నన్ను మైకులో అన్నావు. చెప్పేదేదో మైకులోనే చెప్పు. ఈ చిల్లులోంచి కాదు."

"చెప్తాను."

"చూద్దాం. పక్కకి జరుగు, ఆయన బస్సు పోతుంది."

ఆ నాలుగు రోజులూ ఇంట్లో అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. చివరికి శనివారం మా నాన్నే మేడ ఎక్కాడు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. అందుకు సిగ్గుపడటం లేదు. ఆ ఇంట్లో ఎవరు ఎవరికోసం ఏం దాస్తున్నారో తెలుసుకునే హక్కు నాకూ ఉంది.

"రేపు చెప్తావా?"

"చెప్తాను."

"నా పేరు కూడానా?"

"పట్టీ దానంతటదే లేచి వెళ్ళి గడ్డిలో పడుకుందని చెప్పమంటావా?"

"నేను కావాలని చేశానంటారే."

"అంటారు. నేనైతే అనేదాన్ని. ఇంకెవరి అన్నయ్యనైనా అయితే ఈపాటికి నాలుగు పేజీలు రాసి ఉండేదాన్ని."

మా నాన్న కిందకి వచ్చేశాడు. ముఖంలో కోపం కోసం వెతికాను. కనపడలేదు. పదహారేళ్ళ నుంచి మోసిన మూట ఎక్కడ దింపాలో ఎవరో చూపించినట్టుంది. అది నాకు ఇంకా అనుమానం కలిగించింది.

ఆదివారం సభ. స్టేడియం పక్కనే ఉన్న హాలు. వేదిక మీద సెక్రటరీ, ఒక మంత్రి, బూట్ల కంపెనీ మనిషి. ఆ ఫోటోని నేను కోశాను. చెప్పిన పని చెయ్యకపోతే నా ఉద్యోగం పోతుంది. ప్రత్యేక సంచిక అందరి చేతుల్లోనూ ఉంది. అత్త మైకు దగ్గరికి వచ్చింది. కాగితం లేదు. పితూరీ పద్ధతిలోనే చెప్పింది. తేదీ. చోటు. పట్టీ పది ముక్కలు లేవు. తీసినవాడు తన అన్న. చూసిన మనిషి రెండోదిగా వచ్చిన అమ్మాయి. ఆమె చెప్పింది నిజం. తాను మైకులో అన్న మాట అబద్ధం. ఆ రికార్డు కొట్టెయ్యాలి.

ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొకరు కొట్టారు. హాలంతా లేచి నిలబడింది. ఎవరో కళ్ళు తుడుచుకుంటున్నారు. మంత్రి లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. సెక్రటరీ మైకు అందుకుని, "ఇదండీ మన ఆడపడుచు! ఇలాంటి నిజాయితీ ఉన్న మనిషి రికార్డు ఎవరు కొట్టేస్తారండీ? మన గుండెల్లోంచి కొట్టెయ్యగలరా?" అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

"నేను మెచ్చుకొమ్మనలేదు, కొట్టెయ్యమన్నాను!" అని అత్త అరిచింది. అది కూడా మెచ్చుకున్నారు.

హాలు చివర తలుపు దగ్గర బస్టాండు యూనిఫాంలోనే నిలబడి ఉందావిడ. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆమె వైపు ఒక్కరూ తిరగలేదు. చప్పట్లు రెండోసారి మొదలవగానే తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

సభ అయ్యాక సెక్రటరీని పక్కకు పిలిచి అడిగాను. "మీకు ముందే తెలుసు కదండీ? అందుకే కదా ఫోటో కొయ్యమన్నారు."

"పట్టీ సంగతా? నాకేం తెలుసయ్యా! ఆ గడ్డిలో కోటు వేసుకుని నిలబడ్డవాడున్నాడే, వాడు పాత సెక్రటరీ. నేను వేసే పుస్తకంలో వాడి ముఖమెందుకు?"

నిజమే అయ్యుండొచ్చు. అయ్యుండకపోవచ్చు కూడా. అదే నిజమైతే, దొంగతనం లేని చోట దొంగను వెతుకుతూ వెళ్ళి అసలు సంగతి మీద పడ్డానన్నమాట. ఆ ఆలోచన నాకు అస్సలు నచ్చలేదు.

మర్నాటి పత్రికల్లో అత్త ముఖం ముందు పేజీలో వచ్చింది. నిజాయితీకి నిలువెత్తు రూపం అన్నారు. రెండోదిగా వచ్చిన మనిషి గురించి ఒకే వాక్యం, "సాటి క్రీడాకారిణి" అని. అన్నం తింటూ ఆ పత్రికను పక్కకి తోసి అత్త అంది, "చూశావా, రెండోసారి కూడా దాన్ని దాటేసి ముందుకొచ్చేశాను."

ఆ మధ్యాహ్నమే సంఘం నిబంధనల పుస్తకం తెప్పించింది. పితూరీ పరుగు అయిన అరగంటలోపు ఇవ్వాలి. కానీ రికార్డు మీద అభ్యంతరానికి గడువు లేదు. అది ఆ పందెంలో పరిగెత్తిన ఇంకొకరు సంతకం పెట్టి ఇవ్వాలి. రికార్డు ఉన్న మనిషి తన రికార్డు తానే వద్దంటే చెల్లదు. అంటే ఇన్నేళ్ళు పితూరీలు రాసిన మనిషికి ఈ ఒక్క పితూరీ రాసే హక్కు లేదు. ఆవిడ రాయాలి.

అత్త చెప్తుంటే నేను టైపు చేశాను. ఒక పేజీ. మూడో పేరాలో ఉన్న వాక్యం ఇది: "గ్రౌండు మేస్త్రీ పొరపాటున పట్టీ బిగించలేదు." ఈసారి మా నాన్న కూడా వచ్చాడు. బస్టాండులో ఆవిడ భోజనం వేళ, కౌంటరు వెనక చిన్న గదిలో కలిశాం. టిఫిన్ డబ్బా పక్కకు జరిపి కాగితం చదివింది.

"బాగా రాస్తావు నువ్వు," అంది అత్తతో. "నాకూ ఇంత బాగా రాయడం వచ్చుంటే నా పితూరీ కూడా ఆ రోజు గెలిచేది."

బల్ల మీద ఉన్న ఎర్ర పెన్ను తీసుకుంది. 'పొరపాటున' అన్న మాట కొట్టేసింది.

"ఎందుకది?" అంది అత్త.

"పొరపాటని ఎవరు చెప్పారు? ఆయనే చెప్పాడు. నువ్వు చూశావా? నేను చూశానా? ఆ మనసులో ఏముందో నాకు తెలీదు. తెలీనిదాని కింద నేను సంతకం పెట్టను. చూసింది మాత్రం రాయమని నువ్వే కదా అందరికీ చెప్తావ్."

"ఆ మాట తీసేస్తే కావాలని చేశాడని చదువుకుంటారు."

"చదువుకోనీ. నన్ను ఏమని చదువుకున్నారో నీకు తెలుసా?"

అత్త కాగితం తన వైపు లాక్కుంది. ఆ ఒక్క మాట ఉంటే మా నాన్న మతిమరుపు మనిషి. లేకపోతే చెల్లెలి కోసం దారినే కురచ చేసినవాడు. ముప్పై ఏళ్ళు గీతలు తిన్నగా వేసిన మనిషి పేరు ఆ అయిదు అక్షరాల మీద నిలబడి ఉంది. ఆవిడ చెప్పింది నిజం. కానీ మా నాన్న చెప్పింది కూడా నిజమేనని ఆ గదిలో మొదటిసారి నాకు అనిపించింది. ఎందుకో చెప్పలేను. రుజువు లేదు.

"అన్నయ్యా?" అంది అత్త.

మా నాన్న గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. "తీసెయ్యమ్మా," అన్నాడు. "అది నేను చెప్పుకోవాల్సిన మాట. ఆవిడ చేత చెప్పించకూడదు."

ఆవిడ మొదటిసారి ఆయన్ని నేరుగా చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. టిఫిన్ డబ్బా మూత తీసి, "భోజనాల టైము అయిపోవస్తోంది. సాపు కాపీ ఎప్పుడు తెస్తారు?" అంది.

ఒక గంటలో తెచ్చాను. ఆ మాట లేకుండా, మిగతాదంతా ఉన్నదున్నట్టు. ఆవిడ సంతకం పెట్టింది. సాక్షి అన్నచోట అత్త పెట్టింది. పట్టీ తీసిన వ్యక్తి అన్నచోట మా నాన్న పెట్టాడు. తన పేరు అంత నెమ్మదిగా, అంత పొందికగా రాయడం నేనెప్పుడూ చూడలేదు.

విచారణ అయిదు నెలలు నడిచింది. మా నాన్నని ఆ అయిదు నెలలూ స్టేడియంలోకి రానివ్వలేదు. కోచ్‌లు, పాత సెలెక్టర్లు ఒక్కొక్కరే వచ్చి కమిటీ ముందు ఉత్సాహంగా మాట్లాడారు. అందరి ఇళ్ళ సంగతులూ బయటపెట్టిన మనిషి ఇంటి సంగతి ఇదీ అన్నారు. అత్త ప్రతిరోజూ వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుని అంతా వింది. ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. చివరికి రికార్డు కొట్టేశారు, ఆ పందెంలో మొదటి స్థానం ఆవిడకి రాశారు. గ్యాలరీకి పేరు పెట్టే సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా నాన్న సంగతి వచ్చేసరికి కమిటీ, ఉద్దేశం తేల్చలేకపోయామని రాసింది.

ఆ వాక్యాన్ని అత్త నా చేత రెండుసార్లు చదివించుకుంది. తర్వాత తెల్ల కాగితం తీసి, "రాయి," అంది. తేదీ చెప్పింది. చోటు చెప్పింది. ఏం జరిగింది అన్న దగ్గర "గ్రౌండు మేస్త్రీ పొరపాటున" దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె ఆ రోజు పరిగెత్తుతోంది. ఆయన్ని చూడలేదు.

"కొట్టెయ్," అంది.